‘ఏం కాలేదు కదా’ అనే మాటే అసలు డేంజర్: మంచు కొండలు, అవలాంచ్‌లు, మనం

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఇక్కడ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది, నేనేమో ఇవాళ మంచు గురించి మాట్లాడబోతున్నా. నవ్వకండి, కారణం ఉంది.

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, డిసెంబర్ చివర్ల నలుగురం దోస్తులం కేదార్‌కంఠ పోతున్నం. మేం పోయేసరికి మంచు మస్తు పడాలని కోరుకో అన్నా" అని. ఆల్ ది బెస్ట్ అని టైప్ చేశా కానీ, పంపకుండా ఆగిపోయా. ఎందుకంటే సరిగ్గా అదే కోరిక ఒకప్పుడు నాది కూడా.

జాబ్ చేసే రోజుల్లో ఆఫీస్ ఫ్రెండ్స్‌తో ఉత్తరాఖండ్‌లో ఒక వింటర్ ట్రెక్‌కి వెళ్లా. శిఖరం ఎక్కాల్సిన రోజుకి ముందు రాత్రంతా మంచు పడింది. మేం తెల్లవారుజామున మూడింటికే లేచి, బూట్లు కట్టుకుని రెడీ. గైడ్ టార్చ్ వేసి పైన వాలు చూశాడు, కాసేపు నడిచి వచ్చాడు, "ఆజ్ నహీ" అన్నాడు. అంతే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లీవ్ పెట్టి, ఇంత డబ్బు కట్టి వచ్చింది టెంట్‌లో కూర్చోడానికా అని గొడవ పెట్టుకున్నా. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ అదే దారిలో పైకి వెళ్లి, ఫొటోలు దిగి, హాయిగా దిగొచ్చింది. "చూశావా, వాళ్లకేం కాలేదు కదా!" అన్నా. ఇంటికొచ్చి సింగిల్ స్టార్ రివ్యూ కూడా ఇచ్చా.

ఆ రివ్యూ తర్వాత తీసేశా. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు అవలాంచ్ అంటే ఏంటో చూద్దాం. సినిమాల్లో చూపించినట్టు ఎవరో గట్టిగా అరిస్తే కొండ కూలిపోవడం కాదు. ఇదిగో, ఇంట్లోంచి స్టీల్ ట్రే తెచ్చా. దీని మీద చక్కెర పల్చగా చల్లుతున్నా. చక్కెర మీద ఈ పాత టెక్స్ట్‌బుక్ పెడుతున్నా. ఇప్పుడు ట్రేని మెల్లగా వాల్చుతున్నా... ఏం కాలేదు. ఇంకొంచెం... ఇప్పటికీ ఏం కాలేదు. ఇప్పుడు పుస్తకం మీద వేలితో చిన్నగా నొక్కుతా. పోయింది! మొత్తం ఒకేసారి జారింది.

చక్కెర అంటే లోపల ఉన్న బలహీనమైన పొర. చలికాలంలో పాత మంచు గింజలు గింజలుగా మారి, ఒకదానికొకటి అతుక్కోకుండా అలా ఉండిపోతుంది. పుస్తకం అంటే దాని మీద కొత్తగా పడి, గాలికి గట్టిపడిన పలక. దీన్నే స్లాబ్ అవలాంచ్ అంటారు. మరి నా వేలు ఎవరు? మనమే. ఇలాంటి ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో దాదాపు 90 శాతం కేసుల్లో ఆ పలకని కదిలించింది వాళ్లు, లేదా వాళ్లతో వచ్చినవాళ్లు.

ఇప్పుడు గమనించండి. నేను నొక్కకముందు ఆ పుస్తకం ఎలా కనిపించింది? సేఫ్‌గా. పైకెళ్లొచ్చిన ఆ బ్యాచ్‌కి కూడా వాలు అలాగే కనిపించి ఉంటుంది. ఒక మనిషి అడుగు పడిన చోట పొర గట్టిగా ఉండొచ్చు, పది అడుగుల పక్కన బలహీనంగా ఉండొచ్చు. వాళ్లు క్షేమంగా రావడం వాలు బాగుందనడానికి ప్రూఫ్ కాదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ లేకుండా కోడ్ పెట్టేసి, "సర్వర్ పడిపోలేదు కాబట్టి కోడ్ కరెక్టే" అన్నట్టు. తేడా ఒక్కటే, కొండ మీద రోల్‌బ్యాక్ ఉండదు.

"మనకెందుకన్నా ఇదంతా, మనది వరంగల్ కదా" అంటారా? ఘన్‌పూర్‌లో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్తుంటే జనగామ, ఆలేరు దాటాక భువనగిరి గుట్ట కనిపిస్తుంది కదా. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదలుపెట్టింది ఆ గుట్ట మీదే. తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో ట్రైనింగ్. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్లు వెళ్లింది టిబెట్ వైపు నుంచి. అదే సీజన్‌లో, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు కుంబు ఐస్‌ఫాల్ మీద మంచు దిమ్మెలు విరిగిపడి 16 మంది నేపాలీ గైడ్లు, సిబ్బంది చనిపోయారు. మనకి గుర్తున్నది శిఖరం మీద జెండా ఫొటో ఒక్కటే. ఆ ఫొటో వెనక నెలల ట్రైనింగ్ ఉంది, గాలి తగ్గే ఆ నాలుగు రోజుల కోసం ఎదురుచూపు ఉంది. ఆగడం కూడా ఎక్కడంలో భాగమే.

ఇంకొకటి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, దాదాపు 19,600 అడుగుల ఎత్తులో, పెద్ద మంచు గోడ విరిగి ఆర్మీ పోస్ట్ మీద పడింది. పది మంది జవాన్లు చనిపోయారు. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాసి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆయన అక్కడికి రీల్ కోసం వెళ్లలేదు, డ్యూటీ మీద ఉన్నాడు. ఆయనకి వెనక్కి తిరిగే ఛాయిస్ లేదు. మనకి ఉంది. ఆ ఛాయిస్ మీదే నేను ఆ రోజు గొడవపడ్డా.

"ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లతో వెళ్తే ఓకేనా అన్నా?" మంచిదే, కానీ గ్యారంటీ కాదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపది కా డండా దగ్గర ఒక ట్రైనింగ్ బృందం అవలాంచ్‌లో చిక్కుకుంది. 27 మంది మృతదేహాలు దొరికాయి. చనిపోయినవాళ్లలో ఇన్‌స్ట్రక్టర్ సవితా కంస్వాల్ కూడా ఉంది. అదే ఏడాది మేలో 16 రోజుల తేడాలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన అమ్మాయి. మంచు మన సర్టిఫికెట్లు చూడదు.

సరే, ఇప్పుడు ఆ తమ్ముడికి, మీ అందరికీ పనికొచ్చే మాటలు.

ఒకటి, టైమింగ్. బాగా మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు చాలా డేంజర్. గట్టి గాలి వీచినా, ఉన్నట్టుండి ఎండ వేడి పెరిగినా అంతే. అంటే ఫొటోకి బాగుండే రోజే వాలుకి బాగోని రోజు కావచ్చు.

రెండు, వాలు. స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో వస్తాయి. కోణం కొలిచే యాప్ మీ ఫోన్‌లోనే ఉంటుంది. ట్రెక్కింగ్ కర్రని వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి చూడండి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు, మీ తల మీద ఏముందో కూడా చూడాలి.

మూడు, కొండ ఇచ్చే వార్నింగ్స్. పక్క వాలులో ఫ్రెష్‌గా జారిన మంచు, కాలు పెడితే లోపల "వుంఫ్" అని కూలినట్టు శబ్దం, అడుగు దగ్గర నుంచి చీలిపోయే పగుళ్లు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి దారి పట్టాల్సిందే.

నాలుగు, టైమ్. మంచు కింద పూడినవాళ్లని పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే ఎక్కువ మంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. ఆగిన మంచు సిమెంట్‌లా బిగుసుకుంటుంది, చెయ్యి కూడా కదలదు. అంత తక్కువ టైమ్‌లో బయటి నుంచి హెలికాప్టర్ రాదు. కాపాడాల్సింది పక్కనున్న దోస్తే. అందుకే అలాంటి వాలులకి వెళ్లేవాళ్ల దగ్గర ట్రాన్స్‌సీవర్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఉండాలి. ఫోన్‌ని ట్రాన్స్‌సీవర్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, వెతికేటప్పుడు 50. లేకపోతే సిగ్నల్ దెబ్బతింటుంది.

కేదార్‌కంఠ అడుగడుగునా ప్రమాదం అని నేననట్లేదు. దారిలో చాలా భాగం అడవే, ఏటా వేలమంది వెళ్లొస్తారు. వెళ్లండి. కానీ డబ్బు కట్టే ముందు నిర్వాహకుల్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఏం కనిపిస్తే మీరు మమ్మల్ని వెనక్కి తిప్పుతారు?" దీనికి క్లియర్‌గా జవాబు చెప్పేవాళ్లతోనే వెళ్లండి. మీ నలుగురూ ఇంట్లో ఉండగానే ఒక మాట అనుకోండి: ఒక్కరు వద్దన్నా అందరం దిగుతాం. కొండ ఎక్కాక, అలసిపోయి, శిఖరం కళ్ల ముందు ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు. నా వల్ల కాలేదు. నా బదులు ఆ గైడ్ తీసుకున్నాడు.

ఆ రోజు పైకి వెళ్లి ఉంటే మాకేమయ్యేదో నాకు తెలీదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. అయినా ఆయన చేసింది కరెక్టే. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు ఈ పది నిమిషాల్లో అర్థమైతే చాలు.

తమ్ముడూ, నీకు నా రిప్లై ఇదే: మంచు పడాలని కోరుకోను. వద్దన్నప్పుడు దిగొచ్చే బుద్ధి మీ నలుగురికీ ఉండాలని కోరుకుంటా. వచ్చాక ఫొటోలు పంపు. శిఖరం లేకపోయినా పర్లేదు, నలుగురూ ఉన్న ఫొటో పంపు.

ఎవరైనా దోస్త్ వింటర్ ట్రెక్ ప్లాన్‌లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!