పరదేశి మనస్సు

వాక్యభాగం: నిర్గమకాండము 23:9, లేవీయకాండము 19:33, 34

 

ఈ పూట మన ధ్యానానికి నిర్గమకాండము 23వ అధ్యాయం 9వ వచనం తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తెరచి చూడండి. పరదేశిని బాధపెట్టకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపిస్తున్నాడు. ఆజ్ఞతోపాటు ఒక కారణం కూడా చెబుతున్నాడు. మీరు ఐగుప్తులో పరాయివారుగా బ్రతికారు, పరాయివాని మనస్సులో ఏముంటుందో మీకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు అని ఆయన భావం. గమనించండి, దేవుడు ఇక్కడ పరదేశి హక్కు గురించి మాత్రమే కాదు, పరదేశి మనస్సు గురించి మాట్లాడుతున్నాడు.

ఇంగ్లీషులో ‘ఏలియన్’ అనే మాట ఉంది. ఈ రోజు మన పిల్లలను అడిగితే, వేరే గ్రహం నుండి వచ్చే వింత జీవి అంటారు. కాని ఆ మాటకు మొదటి అర్థం పరదేశి అనే. కొన్ని ఇంగ్లీషు బైబిలు అనువాదాలలో, మన తెలుగు బైబిలు పరదేశి అన్నచోట, ఈ మాటే కనబడుతుంది. ఈ సంగతి ఆలోచిస్తూ ఉండగా, ఆ వింత జీవుల సినిమాల గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. “అయ్యగారు రేడియోలో సినిమాల గురించి చెబుతున్నారేమిటి?” అనుకోవచ్చు. మిమ్మల్ని సినిమాలు చూడమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణంలో వీధులు తిరిగి, అక్కడివారు కట్టుకున్న బలిపీఠాలను చూచి, తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠం దగ్గర నుండే తన ప్రసంగం మొదలుపెట్టాడు. మన పిల్లలు ఏమి చూచి ఏడుస్తున్నారో, ఏమి చూచి నవ్వుతున్నారో మనకు తెలిసి ఉండటం మంచిది.

పూర్వం వచ్చిన ఇలాంటి చిత్రాలలో అనేకం భయపెట్టేవే. 1953లో ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అనే అమెరికా చిత్రం వచ్చింది. అంగారక గ్రహం నుండి దిగినవి ఊళ్ళను కాల్చివేస్తాయి. ఒక పాస్టరుగారు సమాధానం కోరి, కీర్తన చెప్పుకుంటూ, బైబిలు చేతపట్టుకొని వాటికి ఎదురువెళ్తాడు. ఆయనను కూడా కాల్చివేస్తాయి. ఆ జీవుల మనస్సు మనకు ఎక్కడా చూపించరు. మనస్సు చూపించకపోతే శత్రువుగా చూడటం సులభం.

దానికి రెండేళ్ళ ముందు, 1951లో, రాబర్ట్ వైజ్ తీసిన ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ వేరే దారి పట్టింది. అందులో ఆకాశం నుండి వచ్చిన క్లాటూ చెయ్యి చాపి ఒక బహుమానం ఇవ్వబోతాడు. భయపడిన సైనికుడు దానిని ఆయుధం అనుకొని కాలుస్తాడు. తరువాత క్లాటూ తప్పించుకొని, అందరిలో ఒకడుగా ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుంటాడు. అక్కడ ఒక చిన్నవాడు అతనికి స్నేహితుడవుతాడు, యుద్ధంలో చనిపోయిన తన తండ్రి సమాధి దగ్గరకు అతనిని తీసుకువెళ్తాడు. ఆ సమాధి దగ్గర నిలబడినప్పటి నుండి చూచేవారికి క్లాటూ పరాయివాడు కాడు. ఒకే దుఃఖం దగ్గర ఇద్దరు నిలబడితే మధ్యలోని గోడ పడిపోతుంది.

ఇక అందరికీ తెలిసిన చిత్రం 1982లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’ తన వారు తొందరలో వదలి వెళ్ళిపోగా ఒక చిన్న జీవి భూమి మీద చిక్కుబడిపోతుంది. తండ్రి వదలి వెళ్ళిన ఇంట్లో పెరుగుతున్న ఎలియట్ అనే బాలుడు దానిని దాచి కాపాడతాడు. అది అందంగా ఉండదు. పొట్టి కాళ్ళు, పొడుగు మెడ, ముడతలు పడిన చర్మం. అయినా లోకమంతా దాని కోసం ఏడ్చింది. ఎందుకు? మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, దానికి పెద్ద కళ్ళు పెట్టారు. దాని ముఖానికి ఐన్‌స్టీన్ వంటి వృద్ధుల ముఖాలను నమూనాగా తీసుకున్నారు. అందుకే అది చంటిబిడ్డలాగా, తాతగారిలాగా ఒకేసారి కనబడుతుంది. రెండవది, కెమెరాను పిల్లల ఎత్తున ఉంచారు. చాలాసేపటి వరకు తల్లి తప్ప పెద్దవారి ముఖాలు సరిగా కనబడవు. దానిని వెదుకుతున్న అధికారి మనకు నడుము దగ్గర గలగలలాడే తాళపు చెవుల గుత్తిగానే తెలుస్తాడు. అంటే మనం కూడా క్రింద నుండి, బలహీనుని ఎత్తు నుండి లోకాన్ని చూస్తాము. మూడవది, దానికి ఉన్న కోరిక ఒక్కటే. ఇంటికి వెళ్ళాలి. ఊరు వదలి దూరాన బ్రతికిన ఏ మనిషికైనా ఆ కోరిక వేరే భాషలోనికి మార్చి చెప్పనక్కరలేదు.

ప్రియులారా, ఆ చిత్రం గురించి నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి తెర మీద కనబడేది కాదు. కొన్ని దృశ్యాలలో ఆ బొమ్మ యంత్రంతో కదిలింది. కొన్ని దృశ్యాలలో ఆ తొడుగు లోపల మనుషులు ఉన్నారు. వారిలో ఒకరు పుట్టుకతోనే కాళ్ళు లేని ఒక బాలుడు. అతడు తన చేతుల మీద నడిచాడు. ఆ తడబడే నడక చూచి కోట్లాదిమంది “అయ్యో” అన్నారు. అదే బాలుడు తొడుగు లేకుండా మన వీధిలో చేతుల మీద నడిచి వస్తే, ఎంతమంది ఆగి పలకరిస్తాము? ఎంతమంది ముఖం తిప్పుకుంటాము?

ఇతరుల సంగతి ఎందుకు, నా సంగతి చెబుతాను. కొన్ని సంవత్సరాల క్రితం వేసవి సెలవులకు మా మనవలు వచ్చినప్పుడు వారితో కూర్చొని నేను ఆ చిత్రం చూశాను. చివరిలో కళ్ళు తుడుచుకున్నాను. “తాతయ్యా, ఏడుస్తున్నావా?” అని మా మనవరాలు నవ్వింది. ఆ వారమే ఆదివారం ఉదయం అకాల వర్షం పడింది. ఊరి చివర ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుండి వచ్చిన ఒక కుటుంబం తడవకుండా మా మందిరం వరండాలో నిలబడ్డారు. కాళ్ళనిండా మట్టి. తల్లి చంకలో చిన్నపాప. ఆరాధన మొదలవబోతోంది, వరండా అంతా బురద అవుతోంది. “ఎవరు మీరు? ఇక్కడ కాదు, అవతలికి వెళ్ళండి” అన్నాను. వారికి నా భాష అర్థం కాలేదు. నా చెయ్యి అర్థమైంది. వర్షంలోనే దిగి వెళ్ళిపోయారు. నేను లోపలికి వెళ్ళి ప్రసంగించాను. ఏ వాక్యం ప్రసంగించానో ఈ రోజు నాకు జ్ఞాపకం లేదు. తల్లి భుజం మీద నుండి వెనక్కి తిరిగి నన్ను చూచిన ఆ పాప ముఖం మాత్రం జ్ఞాపకముంది.

రబ్బరు బొమ్మ కోసం కారిన కన్నీరు, దేవుడు తన స్వరూపమందు చేసిన బిడ్డ కోసం కారలేదు. సహోదరుడా, సహోదరీ, కన్నీరు ప్రేమ కాదు. సినిమాలో పరాయివానిని ప్రేమించడానికి మనకు ఖర్చేమీ లేదు. అతడు మన వరండా తొక్కడు, మన భోజనం తినడు. రెండు గంటలలో తన ఇంటికి తాను వెళ్ళిపోతాడు.

ఈ సంగతిని బాగా ఎరిగిన చిత్రం ఒకటి 2009లో వచ్చింది. పేరు ‘డిస్ట్రిక్ట్ 9’. దర్శకుడు నీల్ బ్లోంకాంప్ జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టినవాడు. ఆ కథలో ఒక గొప్ప ఓడ ఆ నగరం పైన ఆకాశంలో ఆగిపోతుంది. లోపల ఆకలితో చిక్కిపోయిన జీవులు. వాటిని దించి ఒక శిబిరంలో పెడతారు. శిబిరం మురికివాడ అవుతుంది. ఊరివారు వాటిని ‘రొయ్యలు’ అని ఎగతాళి చేస్తారు. చివరికి అక్కడి నుండి కూడా ఖాళీ చేయించాలని కాగితాలతో అధికారులు వస్తారు. ఇక్కడ పెద్ద కళ్ళు లేవు, ముద్దుతనం లేదు. చూడటానికి రోత పుడుతుంది. కాని వాటిలో ఒక తండ్రి తన చిన్న కుమారుని కాపాడుకోవాలని పడే తపన చూపిస్తారు. మన మనస్సు మెల్లగా మారుతుంది.

ఆ కథ గాలిలో నుండి పుట్టలేదు. కేప్‌టౌన్ నగరంలో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవారికే అని ప్రకటించి, 60,000 మందికి పైగా ప్రజలను అక్కడి నుండి తరలించివేశారు. 2008 మే నెలలో అదే దేశంలో, పొరుగు దేశాల నుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారిపై దాడులు జరిగి 60 మందికి పైగా చనిపోయారు.

అయితే ఒక విచారకరమైన సంగతి కూడా చెప్పాలి. ఆ చిత్రంలో నైజీరియావారిని దొంగలుగా, క్రూరులుగా మాత్రమే చూపించారు. ఆ దేశపు మంత్రి 2009లో అభ్యంతరం చెప్పి ప్రదర్శన ఆపమన్నారు. చూశారా, వేరే గ్రహంవానిని ప్రేమించమని చెప్పిన చిత్రమే పొరుగు దేశంవానిని చిన్నచూపు చూచింది. మానవ హృదయం ఇంతే. ఒక పరదేశికి తలుపు తీస్తూనే మరొకనికి మూస్తుంది. ఈ హృదయం కథలతో మారదు. దీనిని మార్చగలవాడు ప్రభువే.

దక్షిణాఫ్రికా మనకు సంబంధం లేని దేశం అనుకోకండి. 1860 నుండి 1911 వరకు మద్రాసు రేవు నుండి ఓడలలో నటాల్‌కు చెరకు తోటల కూలికి వెళ్ళినవారిలో మన తెలుగువారు అనేకులు. 1903లో జాన్ రంగయ్యగారు మన తెలుగు బాప్తిస్టు సంఘాల పక్షంగా సువార్తికునిగా అక్కడికి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారు? పరాయి దేశంలో, పరాయి భాష మధ్య మన ప్రజలు ఉన్నారు గనుక. మన సంఘాలు అప్పుడు ధనవంతమైనవి కావు. అయినా సముద్రం అవతల ఉన్న కూలివారి మనస్సు ఎరిగి ఒక మనిషిని పంపాయి. పరదేశి మనస్సు మీకు తెలుసు అని దేవుడు ఇశ్రాయేలుతో అన్నాడు. ఆ మాట మనతో కూడా అనడానికి ఆయనకు హక్కు ఉంది. ఈ రోజు మన ఇళ్ళలో ఎంతమంది బిడ్డలు గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నారు! అక్కడ ఎవరైనా వారిని ఒక్కమాట ఆప్యాయంగా పలకరిస్తే చాలునని రాత్రివేళ ప్రార్థించే తల్లులు ఈ కార్యక్రమం వింటున్నారు.

ప్రియ శ్రోతలారా, కొందరు ఇ.టి.ని చూచి ఇది క్రీస్తు కథలాగే ఉంది అంటారు. పైనుండి వచ్చాడు, ముట్టి బాగుచేశాడు, చనిపోయి లేచాడు, తిరిగి వెళ్ళాడు అని. పోలిక బాగానే ఉంది, కాని అక్కడ ఆగిపోకూడదు. ఇ.టి. పొరపాటున ఇక్కడ చిక్కుబడ్డాడు. మన ప్రభువు ఇష్టపూర్వకంగా వచ్చాడు. డిస్ట్రిక్ట్ 9లోని అధికారి తన ఇష్టం లేకుండా ఆ జీవులలో ఒకడుగా మారిపోతూ ఏడుస్తాడు. ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయం చదవండి. మన ప్రభువు తన మహిమను తానే విడిచి, దాసుని రూపం తానే తీసుకున్నాడు. పసిబిడ్డగా ఐగుప్తులో పరదేశి అయ్యాడు. పునరుత్థానుడైన తరువాత కూడా, ఎమ్మాయు మార్గంలో ఇద్దరు శిష్యులు ఆయనను యెరూషలేములో ఊరు ఎరుగని పరాయివాడనుకున్నారు. ఆ పరాయివానిని చీకటి పడుతుందని బలవంతం చేసి లోపలికి పిలిచారు గనుక, రొట్టె విరిచినప్పుడు ఆయన ఎవరో తెలిసింది. పిలవకపోతే? తమ ప్రభువునే దాటి ఇంటికి వెళ్ళిపోయి ఉండేవారు. మత్తయి 25లో ఆయన చెప్పిన తీర్పు కూడా ఇదే. ఆ దినమున ఆయన మన కన్నీళ్ళను లెక్కపెట్టడు, తలుపు తీశామా లేదా అని అడుగుతాడు.

వర్షం పడిన తరువాతి వారం నేను ఆ బట్టీ దగ్గరకు వెళ్ళాను. పని కాలం ముగిసి ఆ కుటుంబం ఊరికి వెళ్ళిపోయింది. వారి పేర్లు నాకు తెలియవు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. ప్రభువును అడిగాను. మరుసటి సంవత్సరం క్రొత్త కుటుంబాలు వచ్చినప్పుడు మా స్త్రీల సమాజంవారు మంచినీళ్ళు తీసుకొని వెళ్ళి, ముందుగా వారి పేర్లు అడిగి వ్రాసుకున్నారు. గొప్ప పని కాదు. కాని పేరు తెలిసిన తరువాత “ఎవరు మీరు, అవతలికి వెళ్ళండి” అనడం కష్టం.

ఈ వారం మీ వీధిలో, మీ సంఘంలో పరాయివాడుగా నిలబడిన ఒక్కరిని చూడండి. పేరు అడగండి. ఊరు అడగండి. వీలైతే మీతో భోజనానికి కూర్చోబెట్టండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మేము దూరస్థులమై యుండగా నీ కుమారుని రక్తము వలన మమ్మును నీ ఇంటివారిగా చేసుకున్నావు. కథలు చూచి ఏడ్చి, మనుషులను చూచి తలుపు మూసిన మా కఠిన హృదయమును క్షమించుము. మా వరండాలో నిలబడిన నిన్ను గుర్తించు కన్నులు మాకు దయచేయుము. దూరదేశములలో ఉన్న మా బిడ్డలకు తోడైయుండుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.