యుద్ధం దిద్దిన బడిపిల్లల లెక్కలు

ప్రజారోగ్య చరిత్ర మీద జరిగే ఈ సదస్సులో అధ్యక్షోపన్యాసానికి యుద్ధకాలపు బ్రిటన్‌లోని బడిపిల్లల్ని తీసుకోవడానికి కారణం ఉంది. తన పిల్లల ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కల్లో నిజమెంతో ఆ దేశానికి యుద్ధం వచ్చాకగానీ తెలియలేదు.

1939 సెప్టెంబరు 1న, హిట్లర్ పోలండ్ మీద దండెత్తిన రోజే, లండన్, లివర్‌పూల్, మాంచెస్టర్ లాంటి నగరాల నుంచి పిల్లల్ని పల్లెలకు తరలించడం మొదలైంది. మూడు రోజుల్లో, తల్లుల్నీ పసిపిల్లల్నీ కలుపుకొని, సుమారు 15 లక్షల మంది కదిలారు. ఒక్కొక్కరి భుజాన గ్యాస్ మాస్కు పెట్టె, కోటుకు పేరు రాసిన చీటీ. కొద్దిరోజులకే ఆశ్రయమిచ్చిన ఇళ్లలో గగ్గోలు మొదలైంది. తలల్లో పేలు, వేళ్ల సందుల్లో గజ్జి, రాత్రిళ్లు పక్క తడపడం. నింద తల్లుల మీద పడింది.

బడి వైద్యం ఆ దేశానికి కొత్త కాదు. బోయర్ యుద్ధంలో సైన్యానికి వచ్చిన యువకుల్లో ఎందరో బలహీనులని తేలిన కలవరం నుంచి 1907 చట్టం పుట్టింది. బడిపిల్లలకు వైద్య పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. అయితే తరలింపు వేసవి సెలవుల చివర జరిగింది కాబట్టి, బయలుదేరేముందు ఆ తలల్ని చూసిన నర్సు లేదు.

లోపం అక్కడితో ఆగలేదు. కీటక శాస్త్రవేత్త కెన్నెత్ మెల్లన్‌బీ అంటువ్యాధుల ఆసుపత్రుల్లో చేరిన పిల్లల రికార్డులు తిరగేశారు. పారిశ్రామిక నగరాల్లో ఆడపిల్లల్లో దాదాపు సగం మందికి పేలున్నాయని 1941లో తేల్చారు. బడి నివేదికలు చెప్పినదానికంటే ఇది చాలా ఎక్కువ. నర్సు దువ్వెనతో తల చూసి పంపితే, ఆ పిల్ల వెళ్లేది వేడినీళ్లు, స్నానాల గది లేని ఇంటికి, నలుగురు సర్దుకు పడుకునే మంచం మీదికి. పరీక్ష జరిగేది, పరిస్థితి మారేది కాదు.

యుద్ధం వైద్యుల్నీ నర్సుల్నీ సైన్యానికి లాక్కుపోయింది. కానీ ప్రభుత్వం చేయూతనిచ్చింది. 1940 జూలై నుంచి గర్భిణులకూ అయిదేళ్లలోపు పిల్లలకూ రోజుకో పింటు పాలు, చవకగానో ఉచితంగానో అందాయి. బడిలో మధ్యాహ్న భోజనం 1940లో రోజుకు సుమారు 1.3 లక్షల మందికి దొరికితే, 1945 నాటికి 16 లక్షలు దాటింది. 1940 చివర్లో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా టీకాల ఉద్యమం ఊపందుకుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ జబ్బు 1940లో 2,480 మందిని పొట్టనబెట్టుకుంది. 1950లో ఆ సంఖ్య 49. ఇక 1944 విద్యాచట్టం బడిపిల్లలకు వైద్య పరీక్షతోపాటు ఉచిత చికిత్సను హక్కుగా ఇచ్చింది.

ఈ సదస్సుకు పత్రాలు తెచ్చిన యువ పరిశోధకులకు ఒక విన్నపం. పాత ఆరోగ్య నివేదికల్లో ఒక శాతం కనిపిస్తే దాన్ని యథాతథంగా ఎత్తి రాయకండి. ఆ పిల్లల్ని ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు, చూశాక వాళ్లకు ఏం అందింది అన్న మూడు ప్రశ్నలకూ మీ పత్రాల్లో చోటివ్వండి.