తెర మీది పాఠం, పలక మీది చూపు
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో పదవ తరగతి వరకు తెలుగులో చదివి, తరువాత చెన్నైలోని ఒక కళాశాలలో కంప్యూటర్ శాస్త్రం బోధించినవాడిని. ఇంట తెలుగు, వీధిలో తమిళం, కళాశాలలో ఆంగ్లం. మనలో చాలామంది కథే నాదీను. అంతర్జాలం ద్వారా కంప్యూటర్ విద్య గురించి మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. ఆ విషయంలో నేను చేసిన ఒక తప్పును ముందుగా మనవి చేస్తాను.

2020 మార్చిలో కరోనా వల్ల విద్యాలయాలు మూతపడి పాఠాలు తెర మీదికి వచ్చాయి. నేను మొదటి సంవత్సరం వారికి పైథాన్ చెప్పేవాడిని. ఒకనాడు చిన్న ప్రోగ్రామును వర్డ్‌లో టైపు చేసి అందరికీ పంపాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన ఒక అమ్మాయి "పనిచేయడం లేదు సార్" అని వ్రాసింది. "పాఠం మళ్లీ చూడమ్మా" అన్నాను. చూసింది. ఫలితం లేదు. మూడవనాడు "ఈ చదువుకు నా బుర్ర చాలదు, మానుకొంటాను" అని వ్రాసింది.

అప్పుడు గాని నాకు మెలకువ రాలేదు. ఆమె కంప్యూటర్ తెరను ఫొటో తీసి పంపమన్నాను. తప్పు నాదే! నిటారుగా ఉండవలసిన కొటేషన్ గుర్తులను వర్డ్ తనంతట తానే వంకర గుర్తులుగా మార్చివేసింది. కంటికి అవి అందంగానే ఉంటాయి. పైథాన్ మాత్రం చెల్లని అక్షరమని ఆగిపోతుంది. ప్రయోగశాలలో ఆమె వెనుకగా నడిచి ఉంటే అర నిమిషంలో కనిపెట్టేవాడిని.

ఈ బడిలో మా ఒకటవ తరగతి పంతులుగారు వరుసల మధ్య తిరుగుతూ ప్రతి పలకా చూసేవారు. "ఋ" కు కొమ్ము ఎటు తిప్పానో చూసి, బలపం పట్టుకొన్న నా చేతినే పట్టి దిద్దించేవారు. తెర మీది పాఠంలో లేనిది ఆ చూపే.

పాఠాలకు నేడు కొరత లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్‌ను ఆరంభించాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ స్వయం వేదిక వచ్చింది. మన పిల్లలకు నేను ముందుగా చూపేది మాత్రం ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్. ఒక్కొక్క పాఠం పది నిమిషాల పాటిది. తెలుగు గొంతులోనూ లభిస్తుంది. కొంత చూసి, ఆపి, తాను చేసి, మళ్లీ చూడాలన్నది దాని పద్ధతి. ప్రోగ్రాములోని ఆజ్ఞలు ఆంగ్లంలోనే ఉంటాయి, ఉండనివ్వండి. అవి ఎందుకు తిరుగుతున్నాయో, ఎక్కడ ఆగుతాయో ఆలోచించడానికి తెలుగు చాలు. పైథాన్‌లో 1, 10 అని హద్దులు ఇస్తే లెక్క 9తోనే ఆగుతుంది. ఆంగ్లంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని ఈ సంగతి, "పదో గుమ్మం దగ్గరే ఆగు, లోపలికి వెళ్లకు" అనగానే ఎక్కింది.

వీడియోలను రెట్టింపు వేగంతో చూసి ముగించేవారు కూడా ఉన్నారు. అది ఒడ్డున కూర్చుని ఈత పాఠం వినడమే.

ఆ సంఘటన తరువాత నా తరగతి తీరు మార్చుకొన్నాను. "పనిచేసిన ప్రోగ్రాము వద్దు, పనిచేయనిది తీసుకురండి" అనేవాడిని. ఒకరు తమ తెరను అందరికీ చూపేవారు. ఒక పంక్తి మార్చితే ఏమవుతుందో ముందుగా ఊహించి చెప్పి, ఆపై నడిపి చూసేవారు. మొదట్లో సిగ్గుపడ్డారు. నా వంకర గుర్తుల కథ చెప్పిన నాటి నుంచి ఆ సిగ్గు కొంత తగ్గింది. ఆ అమ్మాయి చదువు మానలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఈ రోజు ఎన్ని పాఠాలు చూశావు?" అని అడగకండి. "ఏం చేశావో చూపించు" అనండి. మీకు కంప్యూటర్ తెలియకపోయినా ఫరవాలేదు. మీకు వివరించబోయి పిల్లవాడు తన తప్పు తానే పట్టుకొంటాడు.

పూర్వ విద్యార్థులలో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నవారు నేడు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. మన బడికి యంత్రాలు కొనిస్తామని కొందరు ముందుకు వచ్చారు, సంతోషం. యంత్రంతోపాటు వారానికి ఒక గంట కూడా ఇవ్వండి. పిల్లలు తెలుగు పాఠం చూస్తూ చేస్తూ ఉంటే, వెనుక నిలబడి తెర చూడండి, అంతే. దూరాన ఉన్నవారు ఆ గంట తెర ద్వారానే ఇవ్వవచ్చు. శనివారం సాయంత్రాలు నేను వస్తాను. కంప్యూటర్ గది తాళంచెవి ఒకటి ప్రధానోపాధ్యాయులు నాకు ఇప్పించాలని ప్రార్థన.