బైపోలార్ జబ్బు: మందు ఆగకూడదు, మనిషిని వదలకూడదు
మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం



ఏటా ఈ వేదిక మీద రక్తహీనత గురించో, గర్భసంచి ఆపరేషన్ల గురించో మాట్లాడుతుంటాం. ఈసారి ఒక మనసు జబ్బు గురించి చెబుతాం. ఎందుకంటే ఆ విషయంలో మేమే తప్పు చేశాం. ఎవరికి జరిగిందో ఆ చెల్లెలే "నా పేరు చెప్పకుండా అందరికీ చెప్పండి" అంది. అందుకే చెబుతున్నాం.

ఆమె తన సంఘంలో రెండో లీడరు. లెక్కల్లో గట్టిది. పోయిన ఏడు ఉన్నట్టుండి ఆమె తీరు మారింది. రాత్రి రెండింటికే లేచి పని మొదలెట్టేది. మాట ఆపేది కాదు. వారం రోజుల్లో ముగ్గురి దగ్గర చేబదులు తెచ్చి ఆరు కుట్టుమిషన్లకు బయానా ఇచ్చింది. మొదట "ఎంత హుషారో!" అని మెచ్చుకున్నాం. అప్పులవాళ్లు సంఘం మీదకు వచ్చాక "పొగరు" అన్నాం. లీడరుగా తీసేసి, జరిమానా వేసి, తీర్మానం రాసుకున్నాం.

రెండు నెలలకు ఆమె మంచం పట్టింది. "ముఖం చెల్లక దాక్కుంది" అనుకున్నాం. వాళ్ల అత్తగారు వచ్చి "బతకాలని లేదంటోందమ్మా" అని ఏడిస్తే గానీ మా కాళ్లు కదల్లేదు.

ఆసుపత్రిలో మానసిక వైద్యులు దిగులు సంగతి ఒక్కటే అడగలేదు. అంతకుముందు హుషారు రోజుల గురించీ అడిగారు. రెండూ విని బైపోలార్ అన్నారు. మనసు కొన్నాళ్లు పైకి ఎగసి, కొన్నాళ్లు కిందకు పడిపోయే జబ్బు ఇది. దిగులు ఒక్కటే చెప్పి దానికే మందు వాడితే కొందరికి ఉద్రేకం ఎగదన్నుతుందట. కాబట్టి డాక్టరు దగ్గర రెండు సంగతులూ దాచకుండా చెప్పాలి.

ఆమెకు లిథియం రాశారు. ఇది కొత్త మందు కాదు. ఉద్రేకానికి ఇది పనిచేస్తుందని 1949లోనే ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రాశారు. అయితే ఈ మందుతో కొన్ని జాగ్రత్తలు తప్పవు. మందు ఎంత ఉందో రక్తపరీక్ష చేయించాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. కిడ్నీలు, థైరాయిడ్ కూడా చూపించుకుంటూ ఉండాలి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. ఎండలో ఉపాధి పనికి పోతే నీళ్లు బాగా తాగాలి. ఒళ్లు నొప్పులని మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి మింగకూడదు, చాలావాటితో లిథియం ఒంట్లో పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడకలో తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకముందే ఆసుపత్రికి పోవాలి.

కొందరికి వాల్‌ప్రోయేట్ ఇస్తారు. అది కడుపులో బిడ్డకు ప్రమాదం. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు, బిడ్డలు కావాలనుకునేవాళ్లు ఆ మాట ముందే డాక్టరుతో చెప్పాలి. అంతేగానీ ఏ మందూ సొంతంగా ఆపకూడదు. "బాగానే ఉన్నాం కదా" అని మానేసిన వాళ్లకే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

ఇక సంఘంగా ఏం చేశామో చెబుతాం. జరిమానా రద్దు చేశాం. బాకీకి చిన్న వాయిదాలు పెట్టాం. డాక్టరు దగ్గరకు పోవడానికి బస్సు చార్జీలు ఆరోగ్య నిధి నుంచి ఇస్తున్నాం. ఆమె నెమ్మదిగా ఉన్నప్పుడే తనే ఒక కాగితం రాసిచ్చింది: "వరుసగా మూడు రాత్రులు నిద్ర లేకపోతే మా అక్కకు చెప్పండి. ఆ రోజుల్లో నేను అడిగినా పెద్ద అప్పు ఇవ్వొద్దు." ఇది ఆమె పెట్టుకున్న కట్టుబాటే, మేము పెట్టింది కాదు. జబ్బు ముదిరినప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

ప్రతి గ్రామ సంఘం గోడ మీదా టెలి మానస్ నంబరు 14416 రాయించండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆమెకు పూర్తిగా నయమైపోయిందని మేము చెప్పం. మందు వాడుతోంది, నిద్రపోతోంది, బాకీ ఇంకా సగం ఉంది. పోయిన నెల నుంచి మళ్లీ సంఘం పుస్తకాలు రాస్తోంది. వాయిదా తప్పిన అక్క ఇంటికి వసూలుకు వెళ్లినప్పుడు, ముందు "నిద్ర పడుతోందా?" అని అడగండి. మేము ఆ మాట అడగలేదు. మీరైనా అడగండి.