వాట్‌కు దొరకని గుండ్రని సిలిండర్

ఆవిరియంత్రం అనగానే మీకు మరుగుతున్న కెటిల్, దాని మూతను చూస్తున్న చిన్నారి జేమ్స్ వాట్ గుర్తుకొస్తారు. ఆ కథను కాసేపు పక్కన పెట్టండి. వాట్ పుట్టకముందే, 1712లోనే, ఇంగ్లాండులో న్యూకొమెన్ యంత్రం గనుల్లో నీరు తోడడం మొదలుపెట్టింది.

అదెలా పనిచేసేదో తెలియాలంటే ఒక ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి, పారబోసి, వెంటనే మూత బిగించండి. చల్లారేకొద్దీ సీసా సొట్టపోతుంది. లోపలి ఆవిరి నీరై పీడనం తగ్గింది, బయటి గాలి నొక్కింది. న్యూకొమెన్ యంత్రంలోనూ అంతే. ఆవిరి నిండిన సిలిండర్‌లో చన్నీళ్లు చిమ్మేవారు. పిస్టన్‌ను వాతావరణ పీడనమే కిందికి నెట్టేది.

వాట్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే పనివాడు. 1763-64 చలికాలంలో ఈ యంత్రపు చిన్న నమూనా ఒకటి అతని దగ్గరికి మరమ్మతుకు వచ్చింది. కాసేపు ఆడి ఆగిపోయేది. సిలిండర్ ప్రతిసారీ చల్లబడుతోందనీ, దాన్ని మళ్లీ వేడెక్కించడానికే ఆవిరిలో ఎక్కువ భాగం ఖర్చవుతోందనీ వాట్ కనిపెట్టాడు. 1765లో ఉపాయం తట్టింది. ఆవిరిని చల్లబరిచే పాత్రను వేరుగా పెట్టి గొట్టంతో కలిపితే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. 1769లో పేటెంటూ వచ్చింది.

మరి ఆ యంత్రం గనికి ఎప్పుడు చేరింది? 1776లో! పదకొండేళ్లు ఏమైనట్టు?

డబ్బు ఇబ్బంది ఉంది. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. బతుకుతెరువు కోసం వాట్ కాలువల సర్వేలు చేశాడు. కానీ నా దృష్టిలో అసలు చిక్కు వేరు. న్యూకొమెన్ యంత్రంలో పిస్టన్ పైన నీరు నిలిపి సందులు మూసేవారు. వాట్ ఆ పని చేస్తే సిలిండర్ చల్లబడి మొదటికే మోసం! కాబట్టి పిస్టన్ సిలిండర్ గోడకు అంతటా సరిగ్గా ఆనాలి. ఆనాటి సిలిండర్లేమో ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు.

దారి ఫిరంగుల దగ్గర దొరికింది. 1774లో జాన్ విల్కిన్సన్ ఫిరంగులను తొలిచే కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ తర్వాత సిలిండర్ల కోసం వేరే యంత్రం కట్టాడు. అందులో కత్తి బిగించిన కడ్డీ సిలిండర్ గుండా సాగి రెండు కొసలా ఆధారం మీద నిలిచేది, అందుకే వంగేది కాదు. అలా తొలిచిన 50 అంగుళాల వ్యాసం గల సిలిండర్‌లో తేడా పాత షిల్లింగు నాణెం మందమంత కూడా లేదని వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్ రాశాడు. ఇవాళ్టి వర్క్‌షాపులో అంత తేడా ఉంటే సరుకు తిప్పి పంపేస్తారనుకోండి! ఆనాటికి మాత్రం అది అద్భుతం.

1776లో టిప్టన్ దగ్గరి బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గుగనిలో వాట్ యంత్రం నడిచింది. పాత యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడోవంతు తమకివ్వాలని భాగస్వాములు షరతు పెట్టారు. బొగ్గును ఓడల మీద తెప్పించుకునే కార్న్‌వాల్ గనుల యజమానులు సంతోషంగా ఒప్పుకున్నారు. తర్వాత ఆ రుసుము భారమని గొణిగారు, కొందరు చెల్లించడం మానేశారు కూడా.