ఆరువేల నాలుగు వందల్లో ఒకటి



కలలు కనండని చెప్పడం స్నాతకోత్సవాల ఆనవాయితీ. ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పి బతికినవాణ్ని. హైడ్రోజన్ గురించి మాట్లాడతాను.

మీ చేతిలోని నీళ్ల సీసాలో ఉన్న హైడ్రోజన్‌లో నూటికి 99.98 పాళ్లు కేంద్రకంలో ఒక్క ప్రోటాన్ మాత్రమే ఉన్న మామూలు రకం. దాదాపు 6,400 పరమాణువులకు ఒకదానిలో న్యూట్రాన్ కూడా ఉంటుంది. అది డ్యుటీరియం. రెండు న్యూట్రాన్ల ట్రిటియం కోటి కోట్లలో ఒకటి కూడా ఉండదు. విశ్వకిరణాల తాకిడికి గాలిలో పుడుతుంది, 12.3 ఏళ్లకు సగమవుతుంది.

ఇంత తక్కువ ఉన్నదాన్ని పట్టించుకోవడం ఎందుకంటారా? మణుగూరు వెళ్లి చూడండి. అక్కడి భారజల కర్మాగారం గోదావరి నీళ్లను టవర్లలో కిందికి వదిలి, కింది నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎదురు పంపుతుంది. చల్లటి టవర్‌లో డ్యుటీరియం వాయువు నుంచి నీటిలోకి మారుతుంది, వేడి టవర్‌లో నీటి నుంచి వాయువులోకి. ఆ చిన్న మొగ్గునే మళ్లీ మళ్లీ వాడుకుని చివరికి దాదాపు స్వచ్ఛమైన భారజలం, అంటే డ్యుటీరియం నీరు, తీస్తారు. సహజ యురేనియంతో నడిచే మన రియాక్టర్లకు అది కావాలి.

అసలు డ్యుటీరియాన్ని వెదకాలని ఎవరికి తోచింది? 1931 నాటికి హైడ్రోజన్ పరమాణు భారం రసాయన పద్ధతిలో తేల్చినా, ఆస్టన్ అనే శాస్త్రవేత్త తన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో కొలిచినా నాలుగు దశాంశ స్థానాల దాకా ఒక్కటే. అంత చక్కగా కలిస్తే మనమైతే సంబరపడతాం. బర్జ్, మెంజెల్ అనే ఇద్దరు అనుమానపడ్డారు. రెండు కొలతలకూ ప్రమాణం ఆక్సిజనే. అయితే అందులో బరువైన ఐసోటోపులున్నాయని 1929లో తేలింది. రసాయనికుల ప్రమాణం ఆ మిశ్రమం, ఆస్టన్‌ది ఆక్సిజన్-16 ఒక్కటే. కాబట్టి అంకెలు కలవకూడదు. కలిశాయంటే హైడ్రోజన్‌లోనూ బరువైనది ఉండాలి, 4,500కు ఒకటి చొప్పున.

ఈ లెక్క చదివి కొలంబియా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరే, జార్జ్ మర్ఫీ వెదుకులాట మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ లీటర్ల కొద్దీ ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేసి, అడుగున మిగిలిన కొద్దిపాటిని పంపాడు. మొదటి నమూనాలో ఏమీ తేలలేదు. మరింత చల్లగా ఆవిరి చేసిన నమూనాలో మాత్రం డ్యుటీరియం వర్ణపట రేఖ, సిద్ధాంతం చెప్పిన చోటే, ముందుకన్నా ముదురుగా కనిపించింది.

యూరేకు 1934లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది ఆస్టన్ తన పాత అంకెను సవరించుకున్నాడు. దాంతో 4,500 లెక్కకు ఆధారమే పోయింది! డ్యుటీరియం ఉంది, దాన్ని వెదకమన్న కారణం తప్పు. యూరే ఈ సంగతి దాచలేదు. సరైన అంకె ముందే తెలిసుంటే తాము వెదికేవాళ్లం కాకపోవచ్చని తన నోబెల్ ఉపన్యాసానికి చేర్చిన వ్యాఖ్యలో రాశాడు. బహుమతి సొమ్ములో చెరో పావు వంతు సహచరులిద్దరికీ ఇచ్చాడు.

మీ పాఠ్యపుస్తకంలో యూరే పేరొక్కటే ఉంటే, పక్కన పెన్సిల్‌తో రాసుకోండి: బ్రిక్‌వెడ్, మర్ఫీ.