మోడు చిగిర్చిన అడవికి తూకము

చెట్టును నరికినంత మాత్రమున అది చచ్చినదని తలచుట అన్ని వృక్షముల విషయమున నిజము కాదు. జామాయిలు తోట వేసిన మన రైతు ఈ సంగతి నెరుగును. మాను కొట్టి బండి కెత్తిన పిదప మోడు చుట్టును పిలకలు వచ్చును. వానిలో బలమైన వానిని ఉంచి తక్కిన వానిని తీసివేసినచో, మరల నాటకయే రెండవ పంట చేతికి వచ్చును. ఇట్లు మోడునుండియే మరల మరల చిగిర్పించి వాడుకొను అడవిని ఆంగ్లమున ‘కాపిస్’ అందురు. మధ్యధరా సముద్ర ప్రాంతమునందలి అట్టి అడవిని గురించియు, అది ఏటేట ఎంత పెరుగుచున్నదో కొలుచు విధానమును గురించియు నేడు ముచ్చటింతుము.

దక్షిణ ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశముల కొండలపై హోమ్ ఓక్ అను వృక్షము విరివిగా పెరుగును. శాస్త్రజ్ఞులు దీనిని క్వెర్కస్ ఐలెక్స్ అందురు. మన హిమాలయములలోని బాంజ్ వృక్షమునకు ఇది జ్ఞాతి. ఆకు చిన్నది, దళసరి. ఏడాది పొడుగునను చెట్టు పచ్చగనే యుండును. కొయ్య మిక్కిలి గట్టిది. దాని బొగ్గు మంచి వేడి నిచ్చును. బెరడు తోళ్లు ఊనుటకు పనికివచ్చును. కావున శతాబ్దముల తరబడి అచ్చటి బొగ్గు కాల్చువారు ఇరువది ముప్పది ఏండ్ల కొకసారి ఆ అడవిని మొదలంట నరుకుచు, మరల చిగిర్చనిచ్చుచు జీవించిరి. బొగ్గు బట్టీలకై వారు చదును చేసిన గుండ్రని తావులు నేటికిని ఆ చెట్ల నీడలలో కానవచ్చును. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున చమురు, గ్యాసు, విద్యుత్తు వచ్చి బొగ్గుకు గిరాకి పోయినది. గొడ్డలి నిలిచినది. అడవి తనంత తాను పెరుగనారంభించినది.

అట్టి అడవులలో ఒకటి ఫ్రాన్సునందలి మాంపెల్యే నగరమునకు వాయవ్యమున సుమారు 35 కిలోమీటర్ల దూరమున, పుయేషబాన్ అను గ్రామమువద్ద నున్నది. సున్నపురాతి నేల, మన్నుకన్న రాళ్లే హెచ్చు. అచ్చట కడపటిసారి చెట్లు నరికినది 1942లో. అరువది ఏండ్లు గడచిన పిదప గూడ చెట్ల ఎత్తు ఐదారు మీటర్లకు మించలేదు. కాని ఒక హెక్టారులో ఇంచుమించు 6000 కాండములు కిక్కిరిసి యున్నవి. మామిడితోటను చూచిన కన్నులకు ఇది అడవియా, పొదయా అను సందేహము కలుగక మానదు.

ఇట్టి అడవిలో కొయ్య ఎంత యున్నదో తెలిసికొనుట ఎట్లు? అంతయు నరికి తూచినచో లెక్క సరిగనే వచ్చును గాని, అడవి మిగులదు. కావున శాస్త్రజ్ఞులు కొన్ని కాండములను మాత్రమే ఎంచుకొందురు. సన్నని వానిని, లావైన వానిని గూడ తీసికొందురు. నరుకుటకు ముందు వ్యాసము కొలిచి, నరికిన పిదప మాను, కొమ్మలు, ఆకులు వేరువేరుగా తూచెదరు. పచ్చి కొయ్యలో నీరుండును గనుక, నమూనాలను పొయ్యివంటి పెట్టెలో బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టుదురు. ఇట్లు ఎంత వ్యాసమునకు ఎంత ఎండు బరువో తెలియజేయు సూత్రము లభించును. తరువాత తక్కిన చెట్లను నరుకనక్కరలేదు, కొలిచిన చాలును. ఆ ఎండు బరువులో ఇంచుమించు సగము కార్బను.

ఈ సూత్రములో నొక మెలిక కలదు. వ్యాసము రెట్టింపైనచో బరువు రెట్టింపగుటతో ఆగదు, ఇంచుమించు ఐదింతలగును. కావున కొలతలో నూటికి ఒక వంతు పొరపాటు బరువులో రెండు వంతులను మించును. హోమ్ ఓక్ కిక్కిరిసిన చోట ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుటయే గొప్ప. పది సెంటీమీటర్ల కాండముపై కొలపట్టీ ఈ ఏడు కొంచెము పైకి, మరుసటి ఏడు కొంచెము క్రిందికి చుట్టినచో ఏడాది పెరుగుదల అంతయు ఆ తేడాలో కలిసిపోవును. అందుచేతనే కాండముపై రంగుతో గుర్తు పెట్టుదురు, లేదా స్ప్రింగు గల లోహపు పట్టీని శాశ్వతముగా బిగింతురు. పగలు ఆకులు నీరు విడుచునపుడు కాండము సన్నబడి, రాత్రి మరల ఉబ్బును గనుక, ఎల్లప్పుడు ఒకే వేళ కొలుచుట మేలు. కోసి వలయములు లెక్కింపవచ్చును గదా యందురేమో. ఈ చెట్టు వసంతమున పెరిగి, వేసవి ఎండకు ఆగి, శరత్తున వానలు పడినచో మరల పెరుగును. అందుచే ఒక్క ఏటనే రెండు వలయములు పడినట్లు తోచి, లెక్క తప్పుచుండును.

అన్నిటికన్న పెద్ద చిక్కు నేలలోపల నున్నది. పైమాను వయస్సు ఎనుబదేండ్లే కావచ్చును, కాని దానిని మోయు మోడును, వేళ్లును ఎన్ని నరకుడులు చూచినవో! మోడునుండి వచ్చిన పిలక మొదట వేగముగా పెరుగుటకు కారణము ఆ పాత వేళ్లే. విత్తునుండి మొలచిన చెట్టుకు కట్టిన సూత్రమును దీనికి తగిలించినచో, నేలలోని బరువు చాలవరకు లెక్కకు రాకపోవచ్చును.

ఈ కొలతల అవసరమేమి? గాలిలోని కార్బనును అడవులు ఎంత దాచుచున్నవో నేడు దేశములు లెక్కలు చెప్పుకొనవలసి యున్నది. ఆ దాచుట ఎంతకాలము సాగునో ఎరుగుటకు పుయేషబాన్‌లో 1998 నుండి ఒక గోపురముపై నిలిపిన పరికరములతో అడవి ఉచ్ఛ్వాస నిశ్వాసములను కొలిచిరి. 2003లో కొంతభాగముపై తొట్లు కట్టి వానలో పావువంతుకు పైగా నేల చేరకుండ మళ్లించిరి. స్పెయినులోని ప్రాదెస్ కొండలలో 1999 నుండియే ఇట్టి ప్రయోగము జరిగినది. అచ్చట నీరు తగ్గగా ఓక్ కాండముల పెరుగుదల తగ్గినది. దాని ప్రక్కనే పెరుగు ఫిలీరియా అను చిన్న చెట్టు మాత్రము అంతగా చలింపలేదు. ఎండలు ముదిరినచో నేటి ఓక్ అడవి రేపు వేరొక అడవి కావచ్చునని దీని సూచన.

కొన్ని కాండములను తీసివేసినచో మిగిలినవి లావెక్కుననియు కొలతలే చూపినవి. కాని తీసిన చోట మోడు మరల పిలకలు వేయును, పని ఒక్కసారితో తీరదు. ఖర్చు పెట్టి పలుచన చేయవలెనా, విడిచిపెట్టవలెనా యన్నది అచ్చటి అటవీశాఖల ముందున్న ప్రశ్న.

నరికిన కొలది ఏండ్లకే కొండ మరల పచ్చబడును. ఆకు తిరిగివచ్చుటకు అంతకాలమే చాలును. పోయిన కొయ్య తిరిగివచ్చుటకు మాత్రము మనుష్యుని జీవితకాలము కావలసి వచ్చును. దూరమునుండి పచ్చదనము చూచి అడవి కోలుకొన్నదని నిశ్చయింపక, దగ్గరకు పోయి పట్టీ చుట్టి చూడవలెనని ఈ కొలతలు బోధించుచున్నవి. మన కొండలకును ఈ మాట వర్తించును.